ముక్కూ మొహం తెలియనివాళ్ళతో వైద్యం మీద వాదించడం ఎలా

నేను పద్నాలుగేళ్ళు ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పనిచేశాను. అందులో చివరి ఆరేళ్ళు ఇన్సూరెన్స్ డెస్క్. క్లెయిమ్ రాలేదన్న మాట చెప్పాల్సింది నేనే. పక్కపక్క మంచాల మీద ఒకే ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరిలో ఒకరు సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోయేవారు. ఇంకొకరి తమ్ముడు మెట్ల మీద కూర్చుని, ఫోన్లో ఒక్కొక్కరినీ అప్పు అడుగుతూ ఉండేవాడు. ఆ కోపంతోనే ఆన్‌లైన్‌లో వాదనలకు దిగాను. వైద్యం మనిషి జేబును బట్టి దొరక్కూడదు అన్నది నా నమ్మకం, ఇప్పటికీ అదే. కానీ మొదటి రెండేళ్ళు ఆ నమ్మకం కోసం చాలా చెడ్డగా వాదించాను. తర్వాత పద్ధతి మార్చుకున్నాను. ఇలాంటి వాదనల్లోకి దిగేవాళ్ళకు పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ అంకెను మీరే పరీక్షించండి

నా దగ్గర ఒక అంకె ఉండేది. అమెరికాలో దివాలా తీసేవాళ్ళలో 62 శాతం మంది జబ్బుల వల్లే దివాలా తీస్తున్నారు అన్నది. 2009లో ఒక వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలోది ఆ అంకె. కనీసం పాతిక సార్లు వాడి ఉంటాను. ఒకరోజు ఎవరో ఒకాయన, "ఆ 62 ఎలా లెక్కపెట్టారో చదివారా అండీ?" అని అడిగారు. నేను చదవలేదు. చదవలేదని చెప్పడానికి బదులు, "మీరు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున మాట్లాడుతున్నారా?" అని రాశాను.

ఆ రాత్రి నిద్ర పట్టక వెతికాను. ఆ అధ్యయనం దివాలా తీసినవాళ్ళతో మొదలవుతుంది. వాళ్ళను సర్వే చేసి, జబ్బే కారణమని చెప్పినవాళ్ళను, వైద్యం బాకీలు ఒక మొత్తం దాటినవాళ్ళను, జబ్బు వల్ల ఆదాయం పోయినవాళ్ళను అందరినీ 'వైద్య దివాలా' కింద వేసింది. అంటే ఇతర అప్పులు ఎన్ని ఉన్నా, వైద్యం బాకీ ఆ మొత్తం దాటితే చాలు, మనిషి ఆ లెక్కలోకి వస్తాడు. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఇంకో పరిశోధన రెండో వైపు నుంచి మొదలైంది. ఆసుపత్రిలో చేరినవాళ్ళను తీసుకుని, చేరకముందు ఎంతమంది దివాలా తీశారో, చేరాక ఎంతమంది తీశారో పోల్చింది. వృద్ధులను మినహాయిస్తే, మొత్తం దివాలాల్లో ఆసుపత్రిలో చేరడం వల్ల జరిగినవి సుమారు 4 శాతం అని తేల్చింది.

62 ఎక్కడ, 4 ఎక్కడ! రెండో లెక్కకూ ఒక పరిమితి ఉంది. అది ఆసుపత్రిలో చేరడాన్నే చూస్తుంది. ఏళ్ళ తరబడి మందుల మీద నడిచే జబ్బు అందులో పూర్తిగా కనపడదు. అయినా నేను చెబుతూ వచ్చిన మాట, చెప్పిన తీరులో, నిలబడదు. మర్నాడు ఆయనకు రాశాను: "మీరన్నది నిజమేనండీ. నేను చదవకుండా వాడాను. ఆ అంకె ఇక వాడను. నిన్న మీ మీద వేసిన నింద కూడా తప్పు." ఆయన థాంక్స్ చెప్పి వెంటనే ఇంకో ప్రశ్న వేశారు: "మరి 4 శాతమే అయితే మీరు కోరుతున్న మార్పు ఎందుకు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే అదే పరిశోధకులు చూపించిన ఇంకో విషయం దొరికింది. ఆసుపత్రి పాలైన మనిషికి బిల్లు ఒక దెబ్బ అయితే, తర్వాత సంపాదన తగ్గిపోవడం ఇంకో పెద్ద దెబ్బ. చదవగానే నా కౌంటర్ గుర్తొచ్చింది. డిశ్చార్జ్ రోజున బిల్లు చూసిన వెంటనే ఎక్కువమంది అడిగే మాట "మళ్ళీ పనికి ఎప్పుడు వెళ్ళొచ్చు?" అన్నదే. పద్నాలుగేళ్ళు విన్న మాటకు అర్థం, నా అంకె తప్పని ఒప్పుకున్నాక గాని నాకు తెలియలేదు.

అందుకని మొదటి పని ఇది: ఎదుటివాళ్ళ అబద్ధం కోసం వెతకకముందు, మీకు బాగా ఇష్టమైన అంకెను తీసుకుని, అది ఎవరిని లెక్కపెట్టింది, ఎవరిని వదిలేసింది, దేనితో పోల్చింది అన్నది చదవండి. ఇష్టమైన అంకెనే ఎందుకు అంటున్నానంటే, దాన్నే మనం ఎప్పుడూ పరీక్షించం.

గొడవ దేని మీదో తేల్చుకోండి

వైద్యం మీద వాదనలో మూడు రకాల గొడవలు కలగాపులగంగా ఉంటాయి. ఒకటి, ఏం జరుగుతోంది అన్నది. ఇంకోటి, ఏది న్యాయం అన్నది. మూడోది, ఎవరిని నమ్మాలి అన్నది. "ప్రభుత్వం చేతిలో పెడితే ఆపరేషన్ కోసం నెలల తరబడి ఆగాలి" అని ఒకరన్నారనుకోండి. ఎన్ని నెలలు, ఏ ఆపరేషన్‌కు, ఏ దేశంలో అన్నది లెక్కల ప్రశ్న. ప్రాణం మీదికి రాని ఆపరేషన్ కోసం అందరూ వరసలో ఆగడం మేలా, డబ్బున్నవాళ్ళు ముందు వెళ్ళి లేనివాళ్ళు అసలు వరసలోకే రాకపోవడం మేలా అన్నది న్యాయం ప్రశ్న. "ఆ లెక్కలు ఇచ్చేది ప్రభుత్వమే కదా, ఎలా నమ్మాలి?" అన్నది నమ్మకం ప్రశ్న. మూడింటికీ ఒకే జవాబు విసిరితే ఏదీ తగలదు.

నేను మొదటి జవాబులోనే అడిగేస్తాను: "మీరు అంటున్నది వరస పొడుగ్గా ఉంటుందనా, లేక వరస ఉండటమే అన్యాయమనా?" చాలామంది కాసేపు ఆగి ఆలోచించి చెబుతారు. ఇద్దరం ఒకే లెక్కను ఒప్పుకుంటూ, న్యాయం దగ్గర మాత్రమే విడిపోతున్నామని తెలిసిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. అప్పుడు లింకుల మీద లింకులు పంపడం ఆపేయొచ్చు.

పదాలను కూడా ఇక్కడే విప్పుకోవాలి. 'ప్రభుత్వ వైద్యం' అనే ఒక్క మాట కింద ఎన్నో వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి. బ్రిటన్‌లో 1948 జులై 5న మొదలైన ఎన్‌హెచ్‌ఎస్ అనే జాతీయ వైద్య సేవలో డబ్బు పన్నులది, ఆసుపత్రులూ ఎక్కువగా ప్రభుత్వానివే. కెనడాలో డబ్బు ప్రభుత్వానిది, డాక్టర్లలో ఎక్కువమంది సొంత ప్రాక్టీసు చేసుకునేవాళ్ళు. స్విట్జర్లాండ్‌లో 1996 నుంచి అందరూ బీమా తీసుకోవాల్సిందే, కానీ అమ్మేది ప్రైవేటు సంస్థలు. జర్మనీలో కార్మికులకు జబ్బు బీమా చట్టాన్ని 1883లో తెచ్చింది అప్పటి చాన్సలర్ బిస్మార్క్, ఆయన సోషలిస్టుల బద్ధ శత్రువు. కాబట్టి ఎవరైనా "ఇది సోషలిజం" అంటే కోపం తెచ్చుకోకండి. డబ్బు ఎవరు కట్టాలి, వైద్యం ఎవరు చేయాలి అనే రెండు ప్రశ్నలను విడదీసి అడగండి.

బతికినవాళ్ళ శాతం చూసి మోసపోకండి

ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇంత నమ్మకంగా, ఇంత తప్పుగా వాడే లెక్క ఇంకోటి నేను చూడలేదు.

2007లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీకి దిగిన రూడీ జూలియానీ తన ప్రోస్టేట్ క్యాన్సర్ గురించి చెబుతూ, తాను బతికే అవకాశం అమెరికాలో 82 శాతం అనీ, ఇంగ్లండ్‌లో అయితే 44 శాతమే అనీ అన్నారు. వింటే గుండె ఆగుతుంది. ఆ 44 తీసిన పద్ధతే తప్పు. ఒక ఏడాదిలో కొత్తగా బయటపడిన కేసులనూ, ఆ ఏడాది మరణాలనూ పక్కపక్కన పెట్టి తీసిన లెక్క అది. సరైన పద్ధతిలో, ఐదేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళ శాతం తీసినా అమెరికాదే పైచేయిగా కనపడేది. అసలు ఉచ్చు అక్కడే ఉంది.

ఒక మనిషిని ఊహించుకోండి. ఆయన ప్రోస్టేట్ క్యాన్సర్‌తో 72వ ఏట చనిపోతారు. లక్షణాలు కనపడి 69లో డాక్టర్ దగ్గరికి వెళ్తే, జబ్బు తెలిశాక మూడేళ్ళు బతికారు. ఐదేళ్ళ లెక్కలో ఆయన 'బతకలేదు'. అదే మనిషికి 64వ ఏట రక్తపరీక్షలో జబ్బు బయటపడి, ఏ వైద్యమూ పనిచేయక అదే 72లో చనిపోయారనుకోండి. ఇప్పుడు జబ్బు తెలిశాక ఎనిమిదేళ్ళు. ఐదేళ్ళ లెక్కలో ఆయన 'బతికారు'. ఆయుష్షు ఒక్కరోజు కూడా పెరగలేదు. పెరిగింది జబ్బు ఉందని తెలిసి గడిపిన కాలం మాత్రమే. దీనికి తోడు, ఎప్పటికీ ప్రాణం తీయని చిన్న గడ్డలు కూడా పరీక్షల్లో బయటపడతాయి. అలాంటివాళ్ళందరూ 'బతికినవాళ్ళ' లెక్కలో చేరి శాతాన్ని ఇంకా పైకి తీసుకుపోతారు. అమెరికాలో ఆ రక్తపరీక్ష బ్రిటన్ కంటే చాలా ఎక్కువగా చేసేవారు. ఆ రోజుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు చూస్తే, లక్షమంది మగవాళ్ళకు అమెరికాలో సుమారు 26, బ్రిటన్‌లో సుమారు 27. దాదాపు సమానం.

అందుకే రెండు దేశాలనో రెండు పద్ధతులనో పోల్చేటప్పుడు 'జబ్బు బయటపడినవాళ్ళలో ఎంతమంది బతికారు' అని కాకుండా, 'మొత్తం జనాభాలో ఎంతమంది ఆ జబ్బుతో చనిపోయారు' అని అడగండి. ఆ 64, 69, 72 ఉదాహరణను నేను అలాగే వాడతాను. నాతో ఏకీభవించనివాళ్ళు కూడా దాన్ని కాదనలేదు.

ఇదే కొలత మన వైపుకూ వర్తిస్తుంది. "అమెరికా జాతీయోత్పత్తిలో 17 శాతం పైగా వైద్యానికే పెడుతుంది, అయినా అక్కడ సగటు ఆయుర్దాయం ఇతర సంపన్న దేశాలకంటే తక్కువ" అంటాం. రెండు మాటలూ నిజమే. కానీ ఆయుర్దాయాన్ని తుపాకీ మరణాలు, రోడ్డు ప్రమాదాలు, డ్రగ్స్ ఓవర్‌డోస్‌లు కూడా కిందికి లాగుతాయి. అవన్నీ ఆసుపత్రి తప్పులు కావు. ఆ మాట మనమే ముందు చెప్పాలి. ఎదుటివాళ్ళు చెబితే పట్టుబడినట్టు ఉంటుంది, మనం చెబితే నమ్మకం పెరుగుతుంది.

అధ్యయనాన్ని సగం చదివి పంపకండి

2008లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో పేదలకు ఇచ్చే ప్రభుత్వ బీమా, అంటే మెడికెయిడ్, సుమారు పదివేల మందికి ఇచ్చే వీలుంటే దాదాపు 90,000 మంది పేర్లు ఇచ్చారు. అందరికీ ఇవ్వలేక లాటరీ తీశారు. లాటరీ కాబట్టి, బీమా దొరికినవాళ్ళనూ దొరకనివాళ్ళనూ న్యాయంగా పోల్చే అరుదైన అవకాశం పరిశోధకులకు వచ్చింది. 2013లో ఫలితాలు వచ్చాయి. సుమారు రెండేళ్ళకు బీపీలో, కొలెస్టరాల్‌లో, షుగర్ అదుపులో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. డిప్రెషన్ బాగా తగ్గింది. ఇల్లు ముంచేసేంత పెద్ద వైద్య ఖర్చులు దాదాపు మాయమయ్యాయి. 2014లో ఇంకో ఫలితం వచ్చింది: ఎమర్జెన్సీకి రావడం తగ్గుతుందని అందరూ అనుకుంటే, అది సుమారు 40 శాతం పెరిగింది.

ఈ ఒక్క పరిశోధనతో రెండు పక్షాలూ ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి. "చూశారా, బీమా వల్ల ఆరోగ్యం మెరుగుపడదు" అని ఒకరు మొదటి వాక్యం పంపుతారు. "చూశారా, కుటుంబాలు నిలబడ్డాయి" అని ఇంకొకరు పెద్ద ఖర్చులు మాయమయ్యాయన్న వాక్యం పంపుతారు. నాకు నచ్చింది రెండో వాక్యమే. అయినా పంపేటప్పుడు నాలుగు ఫలితాలూ కలిపే పంపుతాను. నాకు ఇబ్బంది కలిగించే ఎమర్జెన్సీ లెక్కను ముందు రాస్తాను. ఆ తర్వాత అడుగుతాను: "బీమా పని రక్తపోటు తగ్గించడమేనా, ఇల్లు అమ్ముకోకుండా కాపాడటం కూడానా?" అక్కడి నుంచి వాదన మంచి దారిలో పడుతుంది.

రాజకీయ నాయకుల మాటలు

మీ నాయకుడి అబద్ధాన్ని మీరే పేరుపెట్టి చెప్పగలిగితేనే ఎదుటి నాయకుడి అబద్ధం గురించి మాట్లాడండి. 2009లో ఒబామా వైద్య బీమా బిల్లు మీద రిపబ్లికన్ నాయకురాలు సారా పేలిన్ 'డెత్ ప్యానెల్స్' అన్నారు, అంటే ఎవరికి వైద్యం ఇవ్వాలో అధికారుల కమిటీలు తేలుస్తాయని. ఆ బిల్లులో ఉన్నది, చివరి దశ వైద్యం గురించి రోగి కోరుకుంటే డాక్టర్ మాట్లాడినందుకు ఫీజు ఇచ్చే ఏర్పాటు మాత్రమే. నాయకుల మాటల్లో నిజమెంతో చూసే పొలిటిఫ్యాక్ట్ సంస్థ దాన్ని ఆ ఏడాది అతిపెద్ద అబద్ధంగా ఎంచింది. అదే సంస్థ 2013లో ఎంచింది బరాక్ ఒబామా మాటను: మీ బీమా మీకు నచ్చితే అది మీకే ఉంటుంది అన్న హామీని. లక్షల మందికి పాలసీ రద్దయిందన్న ఉత్తరాలు వచ్చాయి. నేను ఒబామా చట్టం వల్ల మేలే ఎక్కువ జరిగిందని నమ్ముతాను, ఆ హామీ నిజం కాదనీ చెబుతాను. రెండూ ఒకే జవాబులో రాస్తాను.

'న్యాయం' అన్న మాట దగ్గర ఆగండి

1960ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో దీర్ఘకాలం డయాలసిస్ చేసే వీలు వచ్చింది. యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురితో ఒక కమిటీ వేశారు. వాళ్ళలో ఎక్కువమంది మామూలు పౌరులు. రోగికి పెళ్ళయిందా, పిల్లలున్నారా, సంపాదన ఎంత, చదువు ఎంత, చర్చికి వెళ్తారా అని కూడా చూశారు. 1962లో ఇది బయటికి వచ్చినప్పుడు దేశం ఉలిక్కిపడింది. చివరికి 1972లో, కిడ్నీలు పాడైనవాళ్ళలో దాదాపు అందరికీ, వయసుతో సంబంధం లేకుండా, ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ బీమా మెడికేర్ ఖర్చు భరించేలా చట్టం వచ్చింది.

ఆ ఏడుగురూ చెడ్డవాళ్ళు కారు. ఉన్న నాలుగు యంత్రాలను పంచాల్సి వస్తే మీరూ నేనూ ఏదో ఒక కొలత పట్టుకోవాల్సిందే. ముందు వచ్చినవాళ్ళకా, ఎక్కువ జబ్బుతో ఉన్నవాళ్ళకా, ఎక్కువకాలం బతికేవాళ్ళకా, చిన్నపిల్లలున్న తల్లికా, డబ్బు కట్టినవాళ్ళకా? ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ఏ మందుకు డబ్బు పెట్టాలో చెప్పే నైస్ అనే సంస్థ 1999 నుంచి ఈ పని బాహాటంగా చేస్తోంది. ఒక మందు వల్ల దక్కే పూర్తి ఆరోగ్యవంతమైన ఒక్కో సంవత్సరానికి 20,000 నుంచి 30,000 పౌండ్లన్నది అది చాలాకాలం పాటించిన కొలత. వినడానికి కర్కశంగా ఉంటుంది. కానీ ధరను బట్టి వడపోసే చోట కూడా వడపోత జరుగుతూనే ఉంటుంది, దానికి సంతకం పెట్టేవాళ్ళే ఉండరు. అలా వడపోతకు గురైనవాళ్ళను నేను కౌంటర్ దగ్గర చూశాను. వైద్యం వద్దని ఎవరూ వాళ్ళతో అనలేదు. అడ్వాన్స్ ఎంతో విని, "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోయారు.

అందుకే న్యాయం గురించి వాదన వస్తే నేను ఒకే ప్రశ్న వేస్తాను: "మీ పద్ధతిలో చివరన నిలబడేది ఎవరు? వాళ్ళకు ఆ మాట ఎవరు చెబుతారు?" నా పద్ధతిలో చివరన నిలబడేవాళ్ళ పేరు నేను ముందే చెబుతాను. ప్రాణాపాయం లేని మోకాలి నొప్పితో నెలల తరబడి ఆగేవాళ్ళు. అది చిన్న బాధ కాదని కూడా చెబుతాను.

మీ అనుభవం ఎలా చెప్పాలి

మీరు చూసినది బలమైన సాక్ష్యమే, కానీ మీరు చూసినంత మేరకే. ఒకామె క్లెయిమ్‌ను ఇన్సూరెన్స్ కంపెనీ తిరస్కరించింది. కారణం, ఆమె అడ్మిషన్ రోజున "బీపీ మూడేళ్ళుగా ఉందేమో" అని యథాలాపంగా అన్న మాట కేస్ షీట్‌లో పడింది, ఆ విషయం పాలసీ ఫారంలో లేదు. నేను దీన్ని చెబుతాను. చెప్పి, "ఇది ఒక్క కేసు, ఇలాంటివి ఎన్ని జరుగుతాయో దీన్నిబట్టి చెప్పలేం" అని వెంటనే చేరుస్తాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు ఏవీ రాయను. వదిలేయడం వేరు, మార్చి రాయడం వేరు. వయసూ జబ్బూ మార్చేసి నిజంగా జరిగినట్టు చెబితే అది కథ అవుతుంది, సాక్ష్యం కాదు.

నేను ఆసుపత్రి జీతం తీసుకున్నానని కూడా ముందే చెబుతాను. ఎదుటివాళ్ళకు ఏ లాభం ఉందో మాత్రం ఊహించి నింద వేయను. ఒకసారి వేశాను, అది పైన చెప్పాను.

మాట తీరు, ఆపాల్సిన చోటు

'మీరు' నుంచి 'నువ్వు'కు దిగకండి. ఎదుటివాళ్ళు దిగినా మీరు దిగకండి. మన భాషలో ఆ ఒక్క మెట్టు దిగాక మళ్ళీ ఎక్కడం చాలా కష్టం, చదివే మూడోవాళ్ళు కూడా అక్కడితో వదిలేస్తారు. ఆ మూడోవాళ్ళ కోసమే నేను ఎక్కువ రాస్తాను. ఏమీ అనకుండా చదివేవాళ్ళు చాలామంది ఉంటారు.

ఒక్కోసారి వాదన మధ్యలో మాట మారుతుంది. "మా నాన్నకు బెడ్ దొరకలేదు, మీ పద్ధతి వల్లే" అంటారు. అప్పుడు పద్ధతిని సమర్థించకండి. లెక్క తప్పయినా సరే, ఆ క్షణంలో దిద్దకండి. "ఎప్పుడు జరిగిందండీ?" అని అడగండి. చెప్పింది వినండి. ఇప్పుడే ఎవరైనా జబ్బుతో ఉన్నామని అంటే, డాక్టర్ దగ్గరికి వెళ్ళమనడం తప్ప ఏ సలహా ఇవ్వకండి. వాదన ఇంకో రోజు చేసుకోవచ్చు.

మామూలు వాదనలో నేను మూడు జవాబుల కంటే ఎక్కువ రాయను. మూడోదానిలో ఎదుటివాళ్ళ వాదనను నా మాటల్లో చెప్పి, "నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?" అని అడుగుతాను. అవునంటే ఎక్కడ విడిపోయామో ఒక్క వాక్యంలో రాసి ఆపేస్తాను. కాదంటే ఇంకొక్క జవాబు. రాత్రి పదకొండు దాటాక ఏదీ పంపను, పొద్దున చదువుకుని పంపుతాను. పొద్దునకు సగం వాక్యాలు తీసేయాల్సి వస్తుంది.

ఒక నోట్‌బుక్ కూడా పెట్టుకున్నాను. ఎడమ పేజీలో నేను వాడే అంకె, అది ఎవరిని లెక్కపెట్టింది, ఏ ఏడాదిది. కుడి పేజీలో ఆ అంకె మీద ఎవరైనా వేసిన గట్టి ప్రశ్న, తేదీతో సహా. ఇక వాడకూడదని తేలినదాన్ని ఒక్క గీతతో కొట్టేస్తాను, కింద ఏముందో కనపడేలా. మొదటి పేజీలో 62 ఉంది. దానికి ఎదురుగా ఆయన అడిగిన రెండో ప్రశ్న రాసి ఉంది. దాని కింద నా జవాబు ఇప్పటికి మూడు సార్లు మారింది.